మక్కోల్లి పడ్డ గోడ

బాంగ్ గుమ్‌రే అక్కకి ముక్కు మీదే కోపం అని మా వాళ్ళందరూ అంటారు. చెవుడు వల్ల గట్టిగా మాట్లాడుతుంది గానీ అది కోపం కాదులే అని కొత్తవాళ్ళకి సర్దిచెప్పేవాళ్ళూ ఉన్నారు. ఆమెతో కలిసి బాయిలర్లలో దూరి సగం జీవితం గడిపినవాణ్ణి నేను. చెవుడూ నిజమే, కోపమూ నిజమే. ఆ కోపమే లేకపోతే ఈపాటికి ఒక మనిషి పోయి ఉండేవాడు. అలా పోకుండా ఆపినందుకు ఆమెకి దక్కిందేమిటో వింటే మీకూ ఒళ్ళు మండుతుంది. మండాలనే చెబుతున్నాను.

ఆమెది గోహుంగ్ వైపు ఒక చిన్న దీవి. తండ్రి ఆలుచిప్పలు పెంచేవాడు. ఊహ తెలిసీ తెలియని వయసులో బుసాన్ వచ్చి, బూట్ల ఫ్యాక్టరీలో అట్టలకి జిగురు పూసే పనిలో చేరింది. అట్టని ముందు గీకకుండా జిగురు పూస్తే నెల తిరక్కుండా బూటు నోరు తెరుస్తుందని అక్కడే నేర్చుకుంది. తొందరగా అయిపోతుందని గీకకుండా పూసే తోటి పిల్లల్ని జుట్టు పట్టుకుని కొట్టేదట. అప్పటికే అంత.

కట్టుకున్నవాడు గొట్టాల మీద లోహం పూత చల్లే పనివాడు. చేతివాటం మంచిదే, సీసావాటమే చెడ్డది. ఆమె మొదట మా గుంపుకి వంట చేయడానికే వచ్చింది. ఉప్పూ కారంలో ఊరేసిన ఆవాకు కిమ్చీ, ఎండు చేపల పులుసు, పెద్ద గిన్నెలో అన్నం. ఒక పొద్దున మొగుడు నిషా దిగక లేవలేకపోతే, అతని ముసుగు తగిలించుకుని, అతని పూత చల్లే గన్ పట్టుకుని, సగం గోడ పూర్తిచేసి వచ్చి మళ్ళీ పులుసులో ఉప్పు చూసింది. ఆ రోజు నుంచి వంటకి వేరే మనిషిని వెతుక్కున్నాం. మొగుడు లివరు పాడై పోయాడు. గన్ ఆమెకి మిగిలింది. ఆ గన్ చేసే రొదకి కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం పోయింది.

మా పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఊరి చెత్తంతా కాల్చే బాయిలర్ గోడలు ఇటుకలవి కావు, పక్కపక్కనే నిలబెట్టి అతికిన ఇనప గొట్టాలు. గొట్టాల లోపల నీళ్ళు మరుగుతుంటాయి, బయట చెత్త మండుతుంటుంది. పాచిపోయిన కిమ్చీని వేరే సంచిలో వేయమంటే మా జనానికి బద్ధకం. ప్లాస్టిక్కు మధ్యలో దాచి పారేస్తారు. ఆ ఉప్పూ ఆ ప్లాస్టిక్కూ కలిసి మండితే వచ్చే పొగ, వేడెక్కిన ఇనుముని చెద కొయ్యని తిన్నట్టు తినేస్తుంది. గొట్టం పలచబడి పగిలిందంటే లోపలి ఆవిరి బయటికి తన్నుకొస్తుంది. దాని ఎదురుగా మనిషి నిలబడి ఉంటే ఇక చెప్పేదేముంది.

అందుకే నికెల్, క్రోమియం కలిసిన పూత వేస్తాం. ముందు నేను ఇనప రజను ఊది గోడని పిల్లి నాలుకంత గరుకు చేస్తాను. నా వెనకాలే అక్క వస్తుంది. గన్‌లో రెండు తీగల మొనలు కలిసి మెరుపు మెరిసి కరుగుతాయి, గాలి ఆ కరిగినదాన్ని తుంపరగా గోడ మీదికి కొడుతుంది. ప్రతి తుంపరా ఆ గరుకులో పళ్ళు దించి పట్టుకోవాలి. పట్టు దొరక్కపోతే పూత ఎంత అందంగా ఉన్నా అది ఉత్త మేకప్పు.

నా పని అయ్యాక, ఆమె పని మొదలయ్యేలోపు ఆ గోడ పచ్చి బాలింత. చేయి తగలకూడదు, చెమట చుక్క పడకూడదు. ఒకసారి ఒక ఇన్‌స్పెక్టరు ముచ్చటపడి వేలితో నిమిరాడు. అక్క అతని చేతి మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది. "అన్నం తిన్న చేత్తో నా గోడని ముట్టుకుంటావా? నీ పెళ్ళాం మొహం అనుకున్నావా నిమరడానికి?" అంది. అతను చెయ్యి రుద్దుకుంటూ పోయాడు గానీ, ఆ జానెడు చోటు నేను మళ్ళీ ఊదాల్సి వచ్చింది. అప్పట్లో ఊదనిచ్చేవాళ్ళు. అదీ తేడా.

ఆ ఏడు ఆకులు రాలేకాలంలో సముద్రం ఒడ్డున ఒక పట్నంలో చెత్త బాయిలర్ మరమ్మతు మా ఓనరు ఛే గ్వాన్‌సు చేతికి వచ్చింది. ఛే గ్వాన్‌సు ఏమీ తెలియని మనిషి కాడు. ఒకప్పుడు అక్క మొగుడితో సమానంగా గన్ పట్టినవాడే. తెలియక చేస్తే నాకింత కోపం ఉండేది కాదు.

ఏ పని మొదలుపెట్టినా మేం కోసా మొక్కుతాం. ఉడకబెట్టిన పంది తల, ఎర్ర చిక్కుళ్ళు చల్లిన ఆవిరి రొట్టె, ఎండు చేప, గిన్నెలో మక్కోల్లి. పంది ముట్టెలో నోట్లు దోపి, సాష్టాంగపడి, ఎవరికీ ఏ దెబ్బా తగలకూడదని మొక్కుకుని, ఆ తెల్లటి బియ్యం కల్లుని నాలుగు మూలలా నేల మీద పోస్తాం. నేనేం దేవుళ్ళని వెక్కిరించేవాణ్ణి కాదు. మొక్కకుండా బాయిలర్‌లో కాలు పెట్టాలంటే నాకూ భయమే. అయితే ఆ మొక్కు పని మొదలుపెట్టే పొద్దున జరగాలి. అందరికీ తెలిసిన సంగతే.

ఆ ప్లాంటుకి కొత్తగా వచ్చిన డైరెక్టర్ నామ్‌గుంగ్ గారికి మొదటి రోజు ఖాళీ లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు పొద్దున వస్తానన్నారు. ఆయన లేకుండా మొక్కితే మర్యాద కాదని మా ఓనరు మూడో రోజుకి వాయిదా వేశాడు. తేదీ తరుముతోందని, మొక్కకుండానే నేను రజను ఊదడం మొదలుపెట్టేశాను. ఆ మూడో పొద్దున నా గోడ పూర్తయింది, రజను ఊదే గాలినిచ్చే పెద్ద కంప్రెసర్ అద్దెది కాబట్టి యోసు ఊళ్ళో ఇంకో పనికి లారీ ఎక్కింది. బాయిలర్ లోపల తెల్లగా, గరుకుగా, పొడిగా గోడ. మధ్యలో చెక్కల మీద బల్ల. బల్ల మీద నవ్వుతున్న పంది తల.

నామ్‌గుంగ్ గారు దుర్మార్గుడేం కాదు. నవ్వు మొహం, మెత్తటి మాట. సాష్టాంగపడ్డారు, మొక్కుకున్నారు, నోటు దోపారు. మక్కోల్లి గిన్నె చేతిలోకి తీసుకుని నేల వైపు వంగినవారు వంగినట్టే ఆగిపోయారు.

"మంట తగిలేది నేలకి కాదుగా, గోడకి! పాపం, దాని గొంతు తడపకపోతే ఎలా?" అని నవ్వుతూ గిన్నెడూ గోడ మీదికి విసిరారు.

జనం చప్పట్లు కొట్టారు. గోడకి కట్టిన బూడిద బండల్ని పొడవడానికి తెరిచే చిట్టెం తలుపు పక్కన, మనిషి ఎత్తున, తెల్లటి చారలు గోడ మీదుగా కారాయి. ఆ గరుకులో కల్లు ఎంత హాయిగా ఇంకిందో! ఆయన రెండో గిన్నె అందుకున్నారు.

"ఒరేయ్! గోడ! నా గోడరా!"

గుమ్‌రే అక్క అంతమందిని తోసుకుని వచ్చి డైరెక్టర్ గారి మణికట్టు పట్టేసుకుంది. గిన్నె ఎగిరి బల్ల మీద పడింది. పంది తల ఒక్క దొర్లు దొర్లి చెక్కల మీద పడి, అక్కడి నుంచి కింది బూడిదలోకి జారిపోయింది. మొక్కు బల్ల మీది నుంచి తల పడిపోవడం ఎంత అపశకునమో మాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. వయసు మళ్ళిన మేస్త్రి ఒకాయన కళ్ళు మూసుకున్నాడు.

"ఓనరూ! అది మళ్ళీ ఊదాలి!" అక్క ఒక్కతే అరుస్తోంది, తల సంగతి ఆమె చూడనే లేదు. "ప్యో! నీ రజను గొట్టం తే!"

ప్యో అంటే నేనే. నా గొట్టం ఉంది, దానికి గాలిచ్చే కంప్రెసర్ దారిలో ఉంది.

మా ఓనరు డైరెక్టర్ గారి ముందు నడుం విరిగేలా వంగి వంగి, ఆయన్ని బయటికి సాగనంపి వచ్చాడు. తర్వాత మ్యాన్‌హోల్ దగ్గర అక్కని పట్టుకున్నాడు.

"మతి ఉందా అక్కా నీకు? ఎవరి చెయ్యి పట్టుకున్నావో తెలుసా?"

"తెలుసు. కల్లు గిన్నె పట్టుకున్న చెయ్యి. కంప్రెసర్ వెనక్కి తెప్పించు."

"తెప్పిస్తే ఒక రోజు పోతుంది. ఒక చోట ఊదితే ఆ దుమ్ము మిగతా గోడంతా పడుతుంది, దాన్నీ కప్పాలి, మళ్ళీ తుడవాలి, ఇంకో రోజు. గుంతలో చెత్త కొండైపోయింది. వాసనకి ఊరి జనం మేయరు మీద పడుతున్నారు. తేదీకి మంట పెట్టాల్సిందే."

"మంట పెట్టు. పగిలాక ఆర్పుకో."

"థిన్నర్‌తో తుడుద్దాం. చాల్లే."

"థిన్నర్‌కి నూనె పోతుంది, కల్లులోని గంజి పోతుందా? నువ్వు గన్ పట్టినవాడివి కాదూ? గన్ వదిలి కారు తాళం పట్టుకునేసరికి బుర్ర కూడా వదిలేశావా?"

"అక్కా, ఆయన దీవించి పోసిన కల్లుని మురికి అని గీకించామనుకో, వచ్చే ఏడు ఈ గేటు దగ్గరికి కూడా రానివ్వరు మనల్ని. ఇంతమంది కడుపులు ఉన్నాయి."

"ఆ చిట్టెం తలుపు ముందు నిలబడేవాళ్ళవి కడుపులు కావా?"

నేనూ మధ్యలో దూరి, కంప్రెసర్‌కి ఫోన్ చేస్తాను, రాత్రి పని చేసి ఇస్తాను అన్నాను. "నువ్వు నోరు మూసుకో ప్యో" అన్నాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, ఆయన లెక్క అదీ. అక్క గన్ నేల మీద పెట్టేసింది. ఆ చోట తను కొట్టనంది. అయితే నేనే కొడతా అన్నాడు ఛే గ్వాన్‌సు. కొట్టాడు కూడా. థిన్నర్ గుడ్డతో తుడిచి, ముసుగు వేసుకుని, చేయి ఏమాత్రం తడబడకుండా కొట్టాడు. ఎంత బాగా వచ్చిందంటే, చూసి ఆ చేతులు విరగ్గొట్టాలనిపించింది. మందం చూసే మీటరు పెడితే సరిగ్గా ఉంది. మీటరుకి మందం తెలుస్తుంది, పట్టు తెలియదు.

మర్నాడు డైరెక్టర్ గారు చూడ్డానికి వచ్చినప్పుడు అక్క సుత్తీ ఉలీ పట్టుకుని దిగింది. "అందరూ చూడండి, మీ కళ్ళముందే ఊడదీస్తాను" అని ఉలి ఆన్చి కొట్టింది. ఊడలేదు. మళ్ళీ కొట్టింది. చిన్న గంటు పడింది, అంతే. పక్కన తను పూసిన చోట కొట్టినా అంతే గంటు. చెమటలు కక్కుతూ కొడుతూనే ఉంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"చూశారా," అన్నారు నామ్‌గుంగ్ గారు, నిజంగా సంతోషంగా. "మొక్కు పోసిన చోట ఇంకా గట్టిపడింది."

అందరూ నవ్వారు. మా ఓనరు అందరికంటే గట్టిగా నవ్వాడు, ఆ నవ్వు నేను చచ్చేదాకా మరచిపోను. చల్లగా ఉన్నప్పుడు ఆ పూత అలాగే అంటుకుని ఉంటుంది. మంట తగిలి, చల్లారి, మళ్ళీ తగిలి, పొగ మెల్లగా అంచుల్లోంచి దూరితే అప్పుడు తెలుస్తుంది దాని బండారం. అది నాకు తెలుసు, నవ్వినవాడికీ తెలుసు. అక్క అదే చెబుతుంటే ఎవరు వింటారు, దున్నపోతు మీద వాన. ఆ సాయంత్రమే ఆమెని రేపట్నుంచి రావద్దన్నారు.

పోనీ, పీడ వదిలిందని దీవికి వెళ్ళిపోయి ఆలుచిప్పలు ఒలుచుకుంటుంది అనుకున్నాను. నెల తిరిగేసరికి అదే ప్లాంటులో చిట్టెం కొట్టే గుంపులో చేరిందని తెలిసింది! చెత్త బూడిద కరిగి గోడలకి బండల్లా అంటుకుంటుంది, చిన్న తలుపులు తెరిచి పొడవాటి ఇనప ఊచలతో దాన్ని పొడిచి రాలగొట్టే పని. దానికంటే హీనమైన పని ఆ ప్లాంటులో లేదు. ఫోన్ చేసి తిట్టాను.

"నీకేం ఖర్మ అక్కా? ఆ గోడతో నీకేమైనా పెళ్ళయిందా?"

"ఆ తలుపు ముందు ఎవరో ఒకరు నిలబడతారు కదరా. నిలబడకుండా చూస్తా."

"చెప్తే వింటారా?"

"వినకపోతే తంతా."

ఆ గుంపు పెద్ద ఓంగ్ చున్‌బే అని, నోటినిండా ఈలా, మాటనిండా వేళాకోళమూ ఉన్న మనిషి. అతను మొదట్లో, "మాకు పంది తలలు తన్నే ఆడది వచ్చింది, ఇక భయం లేదు" అని ఏడిపించేవాడట. అక్క మొదటి రోజే ఆ చోటు పక్కనున్న తలుపుకి అడ్డంగా తాడు కట్టి, ఎదుటి తలుపులోంచి ఊచ పెట్టి పొడవమంది. అలా చేయాలంటే ఊచ రెట్టింపు పొడుగుండాలి, బరువుకి భుజాలు ఊడిపోతాయి. మగవాళ్ళు గొణిగారు. ఆమె ముందు తనే పొడిచి చూపించి, తర్వాత వాళ్ళని తిట్టింది. ఎవరైనా తాడు విప్పితే మళ్ళీ కట్టేది. బట్టలారేసుకునే తాడని వాళ్ళు దాని మీద చేతి తొడుగులు ఆరేసేవారు.

ఎదుటి తలుపులోంచి ప్రతి షిఫ్టులో ఆ చోటుని చూసేది. చలి ముదిరేసరికి పూత అక్కడ అప్పడంలా పొంగిందట. ఇంకొన్నాళ్ళకి అంచు లేచింది. షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పింది. అతను ఆమెని పైకీ కిందకీ చూసి, "ఆ రోజు మొక్కు పాడుచేసింది నువ్వేనా? ఇంకా ఏం మిగిలిందమ్మా నువ్వు శపించడానికి?" అన్నాడట. మా ఓనరుకి నేనే ఫోన్ చేశాను. "వచ్చే మరమ్మతులో చూద్దాం ప్యో, కొత్త సంవత్సరం పండగ ముందు బాయిలర్ ఆపమని ఏ నోటితో అడగను" అన్నాడు. ఆ నోటితోనే నవ్వాడు కదా మరి.

పండగ సెలవలకి ముందు చెత్త ఎక్కువ వస్తుంది. ఒక మధ్యాహ్నం సరిగ్గా ఆ చోటు కింద పెద్ద బండ కట్టింది. ఎదుటి వైపు నుంచి ఊచ అందలేదు. ఇన్‌చార్జి కేకలేస్తున్నాడు, తాడు తీసేసి ఈ తలుపే తెరవమని. అక్క కింది అంతస్తులో ఉంది. ఓంగ్ చున్‌బే ఊచ పట్టుకుని, తాడు విప్పి, తలుపు తెరిచాడు.

ఆమె మెట్ల మీంచి చూసింది. వెనక నుంచి వచ్చి అతని నడుం బెల్టు పట్టుకుని ఒక్క లాగు లాగింది. అతను తిడుతూ వెల్లకిలా పడ్డాడు. తలుపు మూయడానికి ఆమె చెయ్యి చాపింది. అప్పుడు పగిలింది గొట్టం. ఆవిరి తెల్లగా కనబడదు, దగ్గరలో అసలు కనబడదు, చప్పుడే ఉంటుంది. ఆ చప్పుడు ఆమెకి సరిగ్గా వినబడను కూడా లేదు. ఎడమ చెయ్యి మోచేయి దాకా ఉడికిపోయింది. చెంప ఒకవైపు కాలింది. ఓంగ్ చున్‌బేకి పడ్డప్పుడు పిర్ర కమిలింది.

ఇప్పుడు వినండి. బాయిలర్ ఆపారు, చూశారు, ఈ ఏడు చెత్తలో ఉప్పు ఎక్కువైంది అని తేల్చారు. ఇది పైకి చెప్పిన మాట. లోపల్లోపల అందరూ అనుకున్న మాట వేరు. మొక్కు రోజున ఆడది అరిచింది, తల దొర్లింది, అందుకే ఇలా అయింది. గేటు దగ్గర కాపలావాడు అదే అన్నాడు. క్యాంటీన్‌లో పులుసు వడ్డించే ఆవిడ అదే అంది. మా ఇంట్లో నా భార్య, అక్క చేతి ఆవాకు కిమ్చీ ఇన్నేళ్ళూ తిన్న మనిషి, "ఎంతైనా ఆ రోజు అలా చేయకుండా ఉండాల్సింది" అంది. ఆ పూట నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

వాళ్ళందర్నీ క్షమిస్తాను. ఓంగ్ చున్‌బేని మాత్రం క్షమించలేకపోయాను. ఆసుపత్రికి వచ్చాడు. అక్క మంచం పక్కన నిలబడి, టోపీ చేతుల్లో నలుపుతూ ఏడ్చాడు. ఏడ్చి, ఏడ్చి, "అక్కా, నువ్వు నా ప్రాణం నిలబెట్టావు. నేనెన్నటికీ మరచిపోను. కానీ ఆ రోజు ఆ గిన్నె పట్టుకోకుండా ఉంటే, ఇదంతా జరిగేది కాదు కదా అక్కా" అన్నాడు.

నేను అతని కాలర్ పట్టుకున్నాను. "వదులు, వాడికి పిర్ర నొప్పిగా ఉంది" అంది అక్క.

బాయిలర్ మళ్ళీ విప్పాల్సి వచ్చింది. ఈసారి గోడంతా మళ్ళీ ఊది, మళ్ళీ పూత వేయాలి. పని మా ఓనరుకే ఇచ్చారు, ఆ గోడ గురించి నోరు మెదపనందుకు బహుమానం కాబోలు. ఛే గ్వాన్‌సు పెద్ద పెట్టెనిండా బేరిపళ్ళు మోసుకుని ఆసుపత్రికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. చాలాసేపు పళ్ళ తియ్యదనం గురించి మాట్లాడి, చివరికి బయటపెట్టాడు.

"అక్కా, ఈసారి మొక్కు ఘనంగా చేస్తున్నారు. డైరెక్టర్ గారు పెద్ద మనసుతో నిన్నూ పిలవమన్నారు. నువ్వొచ్చి తల ముందు ఒక్కసారి సాష్టాంగపడి తప్పయిందని మొక్కుకుంటే, జనానికీ నమ్మకం కుదురుతుంది. మళ్ళీ నిన్ను పనిలోకి తీసుకోడానికి నాకూ దారి దొరుకుతుంది."

ఆమె పళ్ళు విసిరి కొడుతుందనుకున్నాను. విసిరితే నేనూ రెండు విసురుదామనుకున్నాను.

"మొక్కుతా," అంది అక్క. "వంద మంది ముందైనా పడతా. తప్పయిందని పంది చెవిలో అరుస్తా. కానీ మొక్కు మొదటి రోజు పెట్టు. ప్యో గొట్టం పట్టకముందు. అప్పుడు ఆయన గోడకి స్నానం చేయించినా నాకేం బాధ లేదు."

ఛే గ్వాన్‌సు కిటికీలోంచి బయటికి చూశాడు. "అదీ... డైరెక్టర్ గారికి మొదటి రోజు కుదరదట అక్కా. మూడో రోజు పొద్దున వస్తారట."

"ఏమంటున్నాడురా?" అంది నన్ను చూసి. వినబడలేదు.

నేను ఆమె ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, వార్డంతా ఉలిక్కిపడేలా అరిచాను. "మూడో రోజట అక్కా! మళ్ళీ మూడో రోజేనట!"

ఆమె ఒక బేరిపండు తీసి నా చేతిలో పెట్టి, చెక్కు తీయమంది.

మూడో రోజు వచ్చింది. నేను ఊదిన గోడకి ముందు ప్లాస్టిక్ షీటు కడతానన్నాను, శవం మీద గుడ్డ కప్పినట్టుందని తీయించేశారు. కల్లు బయట పోద్దామన్నాను, మంట ఉండేది లోపలైతే బయట పోయడమేమిటన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు పొద్దున్నే రెండు బకెట్లు తన్నేశాను. నామ్‌గుంగ్ గారు నవ్వు మొహంతో వచ్చారు. బల్ల మీద ఈసారి ఇంకా పెద్ద తల.

గుమ్‌రే అక్క ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. ఎడమ చెయ్యంతా కట్టు, పైన వానకోటు. మిగిలిన ఒంటి చేత్తోనే చెక్కల మీద ఆనుకుని సాష్టాంగపడింది, నుదురు తాకించింది, తప్పయిందని అందరికీ వినబడేలా చెప్పింది. మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. డైరెక్టర్ గారు దయగా తలూపారు. ఓంగ్ చున్‌బే కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు.

ఆమె లేచింది. లేచి జనంలోకి వెళ్ళలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, ఎక్కడా వీపు తగలకుండా బెత్తెడు ఎడంగా, చిట్టెం తలుపు పక్కన అదే చోట నిలబడింది. వానకోటు గుండీలు ఒంటి చేత్తో విప్పి, దాన్ని రెండు వైపులా వెడల్పుగా పట్టుకుంది. కట్టు కట్టిన చెయ్యి ఎత్తడానికి ఆమె పళ్ళు కొరకడం నాకు కనబడింది.

"ఇప్పుడు పోయండి బాబూ," అంది.

నామ్‌గుంగ్ గారు గిన్నెతో ఆమె ఎదురుగా నిలబడిపోయారు. మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, దాన్ని ఏం చేయాలో ఆయనకి తెలియలేదు. మొదలుపెట్టిన మొక్కు ఆపకూడదు. అందరూ చూస్తున్నారు. మా ఓనరు నేలచూపులు చూస్తున్నాడు. ఆయన ఒకసారి అటూ ఇటూ చూసి, పోశారు. ఆమె మీదనే పోశారు.

తల మీంచి, కాలిన చెంప మీంచి, మెడ మీంచి మక్కోల్లి కారింది. తెల్లటి కట్టులోకి ఇంకింది. పచ్చి గాయం మీద కల్లు పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆమె కదల్లేదు. కదిలితే చుక్క వెనక్కి చిందుతుందని కదల్లేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా చూసి, ఇంకో గిన్నె ఉందా అని అడిగింది.

లేదన్నారు. అప్పుడు వెనక్కి తిరిగి, ముక్కు గోడకి ఆనేంత దగ్గరగా కళ్ళు పెట్టి, పైనుంచి కింద దాకా ఒక్కో గొట్టమే చూసింది. గోడ పొడిగా ఉంది. "ఇక కొట్టండి" అంది. ఛే గ్వాన్‌సు వచ్చి గన్ తీసుకోబోయాడు. నేను అతన్ని భుజంతో తోసేసి, గన్ తీసి అక్క కుడి చేతికిచ్చాను, రెండో చేయిగా నా చేయి పెట్టాను.